ఈ ఏడు ఏ రంగుకి గిరాకీ?

చేపల రంగుల మీద ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఈ మాట చెప్పగానే సింగపూర్‌లో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, “అంటే పెయింట్ కంపెనీయా అండీ?” అని. కాదు. ఇళ్ళలో అద్దాల తొట్లలో పెట్టుకునే చేపల్ని పెంచే ఫారంలో బ్రీడర్‌ని. ఏ మగచేపను ఏ ఆడచేపతో కలిపితే పిల్లలకు ఏ రంగు వస్తుందో చూసుకుని, ఆ రంగు తరతరానికీ నిలిచేలా చేయడం నా పని. పోయిన నెల మానేశాను. నా స్థానంలోకి వచ్చిన ఇద్దరమ్మాయిలు “మేడమ్, నోట్స్ ఏమైనా ఉన్నాయా?” అని అడిగారు. నీళ్ళ వేడి, మేత కొలతలు, జబ్బులకు మందులు అన్నీ ఫారం గోడకి అంటించే ఉన్నాయి. గోడ మీద లేనివి ఇక్కడ రాస్తున్నాను.

ఏ ప్లాట్‌ఫామ్?

మాది కైకలూరు. మా నాన్న చెరువులు కౌలుకు తీసుకుని బొచ్చె, రాగండి పెంచేవారు. నేను ఫిషరీస్‌లో పీజీ చేసి, పెళ్ళయ్యాక మావారి వెంట సింగపూర్ వచ్చాను. ఆంగ్ మో కియోలో అద్దె ఫ్లాట్‌లో దిగాం. ఐటీ జోరు మీదున్న రోజులవి. విమానం దిగిన ప్రతి తెలుగువాడూ సాఫ్ట్‌వేరే. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, పప్పు వడ్డించేలోపే “మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తున్నారు?” అని అడిగేవారు.

“సిమెంటు తొట్ల మీదండీ,” అన్నాను మొదటిసారి.

ఒకాయన కాసేపు ఆలోచించి, “అది కొత్త టూలా? మా క్లయింట్ దగ్గర ఇంకా రాలేదు,” అన్నాడు.

విషయం తెలిశాక అందరూ మజ్జిగ వైపు చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ మాత్రం దయతలచి, “పోన్లెండి, ఇంట్లో ఊరికే కూర్చునే కన్నా నయమేగా,” అంది.

అంతకుముందు, ఉద్యోగం దొరికిందని ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్న ఇంకా సూటిగా అడిగారు.

“తినే చేపలు కావా? మరేం చేస్తారే వాటిని?”

“చూస్తారు నాన్నా.”

“ఎంతసేపు?”

ఈ వ్యాపారంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంతకంటే మంచిది లేదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పసుపు గప్పీ

యీషున్ దాటి లోపలికి వెళితే మా ఫారం. యజమాని సెంగ్ గారు. ఇక్కడ యజమానిని తౌకే అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. నిక్కరు, రబ్బరు చెప్పులు, చెవి వెనక పెన్సిలు. బడికి వెళ్ళింది తక్కువ. మేం పెంచేది ఎక్కువగా గప్పీలు, చిటికెనవేలంత చేపలు. వాటిల్లో రంగంతా మగవాటికే. ఆడవి బూడిద రంగులో ఒకేలా ఉంటాయి. ఆయన మాత్రం ఒక ఆడ గప్పీని చేతిగిన్నెలో పట్టి, “దీని కొడుకులు నీలం,” అనేవాడు. నీలమే వచ్చేవి.

చేరిన మొదటిరోజు నా చదువంతా చూపించాలని తోచి, రంగుల జన్యువుల గురించి అరగంట మాట్లాడాను. శ్రద్ధగా విన్నాడు.

“వెరీ గుడ్ లా,” అన్నాడు. ఇక్కడి ఇంగ్లీషులో మాట చివర ‘లా’ తగిలిస్తారు. “ఫిష్ జీన్స్ నీకు తెలుసు. కస్టమర్ జీన్స్ ఎవరికి తెలుసు?”

ఎగుమతులు చూసే యూసుఫ్ భాయ్‌ది హైదరాబాద్. నవ్వకుండా నవ్వించే మనిషి. విదేశీ దుకాణాల నుంచి వచ్చే ఆర్డర్లు ఆయనే చదివి చెప్పేవాడు. నేను చేరిన కొత్తలో అందరూ పసుపురంగు తోక గప్పీ కావాలన్నారు. మా దగ్గర లేదు. నేను చేసి చూపిస్తానన్నాను.

గప్పీ పుట్టి, పెరిగి, మళ్ళీ పిల్లల్ని పెట్టడానికి మూడు నాలుగు నెలలు. ఒక రంగు నిలకడగా రావాలంటే అయిదారు తరాలు. అంటే దాదాపు రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేను ఇంటికెళ్ళినా పసుపే చూశాను. మావారు కొత్త చొక్కా వేసుకుని “ఎలా ఉంది?” అంటే, “తోక అంచుల్లో కాస్త వెలిసింది,” అన్నానట. చివరికి తాజా పసుపుకొమ్ము విరిచినట్టున్న రంగు వచ్చింది. ఒక్క పిల్ల కూడా తేడా లేదు. గర్వంగా యూసుఫ్ భాయ్‌ని పిలిచి తొట్టి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. “మస్తున్నదమ్మా. మాషా అల్లా. కానీ ఇప్పుడు అందరూ ఎర్ర కళ్ళ తెల్ల గప్పీ అడుగుతున్నరు.”

“పసుపు?”

“పసుపు పోయింది కదమ్మా, పోయిన రంజాన్‌కే.”

“మరి నాకు చెప్పలేదేం?”

“నువ్వు ఖుషీగ ఉన్నవ్. కైకూ పరేషాన్ చేసుడని.”

తౌకే తిట్టలేదు. ఆ పసుపు చేపలన్నిటినీ రకరకాల గప్పీల కలగలుపు పెట్టెల్లోకి నా చేతే ఎత్తించాడు. సంచికి రెండు చొప్పున. రెండేళ్ళ పని ఒక మధ్యాహ్నంలో తరలిపోయింది. ఆయన పద్ధతి వేరు. ఎవరు అడిగినా అడగకపోయినా ఆరు రకాల గప్పీల్ని కొంచెం కొంచెంగా ఎప్పుడూ బతికించి ఉంచేవాడు. ఏ రంగుకి గాలి తిరిగితే ఆ రకానికి తొట్లు పెంచేవాడు. నేను దాన్ని పాతకాలపు చాదస్తం అనుకున్నాను. మావారితో ఆ మాటే అంటే ఆయన నవ్వారు. ఆయనా ఒక కంప్యూటర్ భాష కష్టపడి నేర్చుకుని పరీక్ష పాసయ్యేసరికి కంపెనీ ఇంకో భాషకి మారిపోయి ఉంది.

నుదుటి బుడిపె

తర్వాత లువోహాన్ వచ్చింది. రెండు మూడు జాతుల్ని కలిపి పుట్టించిన సంకర చేప. అరచేయి కంటే పెద్దది. ఒళ్ళంతా ఎరుపు, నుదుటి మీద బుడిపె, పక్కల వెంట నల్లమచ్చలు. బుడిపె ఎంత పెద్దదైతే అంత కలిసొస్తుందట. మచ్చల్లో చైనీస్ అక్షరం కనిపిస్తే ఇంటికి అదృష్టం, అంకెలు కనిపిస్తే లాటరీ. ఊరంతా ఊగిపోయింది. హాకర్ సెంటర్‌లో తిండికి వెళ్ళి టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీని ‘చోప్’ చేసి తమదనిపించుకున్నట్టు, గుడ్లు పొదగకముందే జనం మా తొట్ల మీద తమ పేర్ల చీటీలు అంటించి పోయేవారు.

తౌకేకి అది నచ్చలేదు. “బుడిపె చూసి కొనేవాడు రేపు ఇంకేదో చూసి మానేస్తాడు,” అనేవాడు. గప్పీలన్నీ తీసేసి ఫారం మొత్తం లువోహాన్‌కి మార్చేద్దామని ఆయనతో వాదించింది నేనే. పసుపు గప్పీ దెబ్బ తర్వాత ఒక్కసారైనా గిరాకీ కంటే ముందు ఉండాలని నా పంతం. వారం రోజులు వెంటపడితే సగం తొట్లు ఇచ్చాడు.

“మిగతా సగం?”

“అది ముసలాడి చాదస్తానికి,” అన్నాడు. నేను ఆ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం బుకిట్ బటోక్ నుంచి వెంకట్ అనే కుర్ర ఇంజనీరు భార్య సుజాతతో వచ్చాడు. గుంటూరు వాళ్ళు. మజ్జిగ వైపు చూసిన బృందంలో అతనూ ఒకడు. మూడో వరస తొట్టి దగ్గర ఆగిపోయాడు.

“విజయ గారూ! ఇట్రండి, ఇట్రండి! దీని పక్కన చూడండి. ‘శ్రీ’ అని ఉంది!”

అందరం చేరాం. వెంకట్‌కి ‘శ్రీ’ కనిపించింది. పక్కన నిలబడ్డ చైనీస్ అంకుల్‌కి లాటరీ నంబరు కనిపించి, అరచేతి మీద రాసుకున్నాడు. యూసుఫ్ భాయ్ తల ఒక పక్కకి వంచి, ఉర్దూ అక్షరాలు వెతికి, “అలిఫ్ అయితే సాఫ్‌గ ఉన్నది,” అన్నాడు. నాకు నల్లరంగు కణాలు ఒకచోట గుమిగూడినట్టు కనిపించింది. తౌకేకి వెంకట్ ముఖం కనిపించింది.

“దిస్ వన్ స్పెషల్ లా,” అన్నాడు తౌకే.

అప్పుడు నేను నోరు తెరిచి ఒక మాట చెప్పవలసింది. ఇది పిల్ల చేప, పెరిగేకొద్దీ మచ్చలు సాగుతాయి, ఇవాళ కనిపించిన అక్షరం ఆరు నెలలకు ఉండదు. చెప్పలేదు. నన్ను మొదటిసారి ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ‘గారూ’ అని పిలిచి సలహా అడుగుతున్నాడు. ఆ సుఖంలో ఉన్నాను.

శ్రీ పోయి ఛీ వచ్చె

వెంకట్ వారానికి మూడుసార్లు ఫోన్ చేసేవాడు. చేప తిన్నదా, తిరిగిందా, బుడిపె పెరిగిందా. రొయ్యలు పెడితే ఎరుపు బాగా తేలుతుందని చెప్పాను. నెల తర్వాత సుజాత ఫోన్ తీసుకుంది.

“అక్కా, మా ఇంట్లో మాకు బీరకాయ, దానికి రొయ్యలు. ఇదేమైనా బాగుందా?”

ఇంకో మూడు నెలలకు మళ్ళీ ఆమే చేసింది. ఈసారి నవ్వు ఆపుకోలేకపోతోంది.

“అక్కా, మచ్చలు జరిగినయ్. కిందున్న వత్తు చెదిరి ఆకారం మారిపోయింది. ఇప్పుడది ‘ఛీ’ అని ఉంది. పొద్దున్నే లేచి దండం పెట్టుకుంటే ‘ఛీ’ అంటోంది ఈయన్ని!”

వెంకట్ మాత్రం అధైర్యపడలేదు. ఒక చేప కాకపోతే ఇంకో చేప. తనే పుట్టిస్తే ఎప్పుడో ఒకప్పుడు మంచి అక్షరం పడుతుంది కదా అన్నాడు. ఒక జత కొన్నాడు. ఒక్క ఈతకి వెయ్యి పిల్లలు. హాల్లో తొట్లు, బాల్కనీలో డ్రమ్ములు, చివరికి బాత్రూం కూడా పిల్లల వార్డు అయిపోయింది. పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచరుగా చేస్తున్న సుజాత పొద్దున్నే స్నానానికి కింది అంతస్తులో ఉన్న తమిళ ఆంటీ ఇంటికి వెళ్ళేది.

అంతలో ఐటీ జోరు కాస్త తగ్గింది. వెంకట్ ప్రాజెక్టు అయిపోయి, పనిలేక బెంచ్ మీద కూర్చుని, చివరికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, వారంలో చెప్పాలి. నేరుగా ఫారానికి వచ్చాడు.

“నిజం చెప్పండి విజయ గారూ. ఈ చేప గిరాకీ ఎన్నాళ్ళుంటుంది?”

తెలియదు అనాలి. అది నాలుగక్షరాల మాట. నేను కళ్ళద్దాలు సర్దుకుని, “తక్కువలో తక్కువ నాలుగేళ్ళు,” అన్నాను. దేన్ని బట్టి అన్నానో దేవుడికే తెలియాలి. నా వెనక తొట్లన్నీ లువోహాన్‌లే. వాటికి గిరాకీ ఉండదని ఒప్పుకోవడం నాకే ఇష్టం లేదు. అతను ఆఫర్ వద్దని చెప్పేశాడు. నాలుగేళ్ళు కాదు, నాలుగు నెలలు కూడా నిలవలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒకటి చెప్తాను. చేపలు చచ్చిపోతే మళ్ళీ పెంచుకోవచ్చు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేం. నా ఇరవై ఆరేళ్ళలో అంతకంటే పెద్ద తప్పు చేయలేదు.

మంగలి షాపు

పడిపోతోందని మొదట కనిపెట్టింది తౌకే. ఒకరోజు క్షవరం చేయించుకుని చేతిలో నీళ్ళ సంచీతో వచ్చాడు. అందులో రెండు లువోహాన్ పిల్లలు.

“హెయిర్‌కట్‌కి ఫ్రీ,” అన్నాడు. సంచీ నా బల్ల మీద పెట్టాడు. “మంగలి ఊరికే ఇస్తున్నాడంటే, ఇంక మనం అమ్మలేం. ఫినిష్ లా.”

నిజమే. వెంకట్ లాంటివాళ్ళు ప్రతి బ్లాకులోనూ ఉన్నారు. అందరి బాత్రూముల్లోనూ వెయ్యేసి పిల్లలు. చీటీలు అంటించిన వాళ్ళు చీటీలు పీక్కుని కూడా పోలేదు, అసలు రాలేదు. పొద్దున ఫారం గేటు తీస్తే బకెట్లు ఉండేవి. ఒక బకెట్ మీద ‘ప్లీజ్ టేక్ కేర్, హిస్ నేమ్ ఈజ్ లక్కీ’ అని రాసి ఉంది.

యూసుఫ్ భాయ్ ఆ బకెట్ ముందు నిలబడి, “లక్కీ అట, హౌలా పేరు,” అని, తర్వాత తనే ఎత్తుకుని లోపల పెట్టాడు.

ఫారం మాత్రం మునగలేదు. ముసలాడి చాదస్తం తొట్లలో ఆరు రకాల గప్పీలూ అలాగే ఉన్నాయి. ఆ ఏడు ఎవరూ ఏ రంగూ గట్టిగా అడగలేదు, అన్నీ కొంచెం కొంచెంగా పోయాయి. మా జీతాలు వాటి మీదే వచ్చాయి. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, “తప్పు నాదే,” అన్నాను. “తెలుసు,” అన్నాడు. “రా, తొట్లు కడుగు.” అంతే.

ఆ వారంలోనే వెంకట్ ఫోన్ చేశాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. అందుకే భయమేసింది.

“మొత్తం నాలుగు వందల చిల్లర ఉన్నయ్ విజయ గారూ. మేత పెట్టలేను. పక్కనే రిజర్వాయర్ ఉంది కదా, బకెట్లతో తీసుకెళ్ళి వదిలేద్దామని.”

“కదలకు. వస్తున్నాం,” అన్నాను. లువోహాన్ పోట్లగొడ్డు. నీళ్ళలో వదిలితే అక్కడున్న చిన్న చేప మిగలదు. పైగా అలా వదలడం నేరం. యూసుఫ్ భాయ్ వ్యానులో ఇద్దరం బుకిట్ బటోక్ వెళ్ళాం.

తలుపు తీసిన వెంకట్ గడ్డం పెంచేసి ఉన్నాడు. ఇల్లంతా గాలి పంపుల గుర్రు. ముందుగా చెప్పవలసింది చెప్పాను.

“ఆ నాలుగేళ్ళ మాట నాకు తెలిసి చెప్పింది కాదు వెంకట్. నోటికొచ్చింది అన్నాను.”

అతను దగ్గర్లో ఉన్న గాలి పంపు ప్లగ్గు పీకాడు. తర్వాత, “నేనూ నాకు కావాల్సింది వినడానికే వచ్చాను లెండి,” అన్నాడు. “వద్దంటే ఇంకొకళ్ళని అడిగేవాణ్ణి.”

అతను నన్ను తిడితే బాగుండుననిపించింది.

లవంగ నూనె

ఇప్పుడు గోడ మీద ఎవరూ రాయని భాగం. రంగు రాని చేపల్ని ఏం చేస్తారని అందరూ అడుగుతారు. తొట్టి నీళ్ళలో లవంగ నూనె కలుపుతాం. చేప మత్తులోకి వెళ్ళి, మళ్ళీ లేవదు. ఒక్క మంచి రంగు వెనక ఇలాంటివి వందలు. నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే ఉద్యోగం చేయలేకపోయేదాన్ని. ఈ పని చేయలేనివాళ్ళు చేపల చేత పిల్లలు పెట్టించకూడదని నా అభిప్రాయం. వెంకట్ పెట్టించాడు, చేయలేడు. అతన్ని ఆ స్థితికి తెచ్చినదాన్ని కాబట్టి నేను చేశాను. వెంకట్ ఇంట్లో చేపల్ని ఫారానికి తెచ్చి, కాస్త బాగున్నవాటికి చోటిచ్చి, మిగతావాటికి నేనూ యూసుఫ్ భాయ్ నూనె కలిపాం. షెడ్డంతా పెళ్ళిభోజనం వాసన. యూసుఫ్ భాయ్ రెండు నెలలు బిర్యానీ ముట్టలేదు. హైదరాబాదీకి అంతకంటే సంతాపం లేదు.

అయితే ఒకటి మాత్రం ఆ రోజు మాతో రాలేదు. ఫ్లాట్‌లో చేపల్ని సంచుల్లోకి ఎత్తుతుంటే బాత్రూం తలుపు వెనక ఒక బకెట్ కనిపించింది. పైన పళ్ళెం మూత. తీశాను. ఒక్కటే చేప. బూడిద రంగు. బుడిపె లేదు, మచ్చ లేదు, తోక ఒక పక్కకి వంకర. మా లెక్కలో ఆఖరి తరగతి కంటే కింద.

“అది నాదక్కా,” అంది సుజాత. వచ్చి బకెట్‌కి అడ్డంగా నిలబడింది.

“దీన్ని మూడుసార్లు తీసి పక్కన పెట్టాను,” అన్నాడు వెంకట్ ఆశ్చర్యంగా. “మళ్ళీ మళ్ళీ తొట్లోకి ఎట్టా వస్తందా అనుకుంటన్నా. నువ్వా?”

“రంగు కూడా లేదు కదమ్మా,” అన్నాను.

“రంగేం చేసుకోను? నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులిప్పుతుంటే చాలు, అద్దం దగ్గరికొచ్చి నిలబడిద్ది. ఈయన వచ్చాడా ఒక్కరోజన్నా?”

“నేను బాత్రూంలో ఉండేవాణ్ణి కదే, వీటితోనే,” అన్నాడు వెంకట్.

యూసుఫ్ భాయ్ పళ్ళెం తీసుకుని బకెట్ మీద జాగ్రత్తగా మూత పెట్టేశాడు. “చల్ అమ్మా,” అన్నాడు నాతో. “గిది మన లెక్కల లేదు.”

వెంకట్‌కి ఏడు నెలల తర్వాత ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. వద్దన్న ఆఫర్ కంటే తక్కువదే. నెమ్మదిగా కోలుకున్నాడు. నన్ను ఇప్పటికీ ‘గారూ’ అనే పిలుస్తాడు, సలహా మాత్రం అడగడు. నేను కూడా, ఈ ఏడు ఏ రంగుకి గిరాకీ అని ఎవరైనా అడిగితే, ఆ నాలుగక్షరాల మాటే చెప్పడం నేర్చుకున్నాను. విచిత్రంగా, అప్పటి నుంచే నన్ను నమ్మే కస్టమర్లు పెరిగారు.

కొన్నేళ్ళ తర్వాత వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. హాల్లో ఒక్కటే తొట్టి. అందులో ఆ బూడిద చేప, జానెడు పొడుగు, అదే వంకర తోక. ఇండియా నుంచి కొత్తగా దిగిన భార్యాభర్తలు దాని ముందు నిలబడి చూస్తున్నారు. నేను చేపల మనిషినని ఎవరో చెప్పినట్టున్నారు.

“ఇది ఏ రకమండీ? చాలా డిఫరెంట్‌గా ఉంది. ఎక్కడ కొనుక్కోవచ్చు?” అన్నాడు అబ్బాయి.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి సుజాత గొంతు వినిపించింది.

“అది దొరకదు బాబూ, కూర్చోండి, వడ్డిస్తున్నా!”

ఆ గొంతు వినగానే చేప మా అందరికీ తోక చూపించి, వంటింటి వైపు తిరిగి, అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.